కుటుంబ ఆరోగ్యము: నడుమునొప్పి వెనుక దాగిన రక్తపు జబ్బు



మిరపకోతలు మొదలయ్యాయంటే మన ఖమ్మం పల్లెల్లో నడుమునొప్పి లేని మనిషి కనబడడు. తెల్లవారకముందే ట్రాక్టరెక్కి చేలకు పోయి, పొద్దుగూకే దాకా వంగి కాయలు కోసి, బస్తాలు మోసిన ఒళ్ళు నొప్పిపెట్టక ఏమవుతుంది? దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల నుండి, సరిహద్దుకు అవతల ఉన్న ఛత్తీస్‌గఢ్ గూడేల నుండి కూడా ఈ కోతలకు కుటుంబాలకు కుటుంబాలే దిగివస్తాయి. వారితో పాటు పడుచు పిల్లలూ వస్తారు. అటువంటి ఇంట్లో ఒక కుర్రవాడు "నడుము నొస్తుందమ్మా" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. చాలాసార్లు ఉలిక్కిపడవలసిన అవసరం కూడా ఉండదు.

ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ అవసరం ఉంటుంది. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ ఒక్కసారిని గూర్చి.

పదహారేళ్ళ కుర్రవాడిని ఒకణ్ణి తలచుకోండి. ఇతనికి మేము పేరు పెట్టడం లేదు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఈ జబ్బు వచ్చే తీరును మన ఊరి బతుకులో పెట్టి చూపుతున్నాము, అంతే.

మొదటి వారం అతనికి రెండు రెక్కల నడుమ, వీపులో నొప్పి. "బస్తాలు మోసినవు గద బిడ్డా, రెండు రోజులు పండుకో" అన్నాడు తండ్రి. పడుకుంటే తగ్గవలసిన నొప్పి పడుకుంటేనే ఎక్కువైంది. రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. ఊళ్ళోని ఆర్.ఎం.పి. సూదిమందు వేశాడు. నాలుగు రోజులు హాయిగా ఉంది. మళ్ళీ మొదలైంది. ఈసారి రొమ్ము చుట్టూ పటకా బిగించి కట్టినట్టు ఉంది. ముఖం పాలిపోయింది, జ్వరం తగిలింది. మలేరియా కిట్టుతో చూశారు, లేదన్నారు. మూడో వారంలో కాళ్ళు బరువెక్కాయి. నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా అతనికి తెలియలేదు. చూసినవాళ్ళు నవ్వారు. "గాలి సోకిందేమో" అన్నారు ఒకరు. "పక్షవాతానికి పసరు పోయించండి" అన్నారు మరొకరు. ఒక ఉదయాన మూత్రం రాలేదు. ఆ సాయంత్రానికి లేచి నిలబడలేకపోయాడు.

చివరికి మంచం మీద మోసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. వెన్నుకు క్షయ సోకిందని మొదట అనుకున్నారు. రక్తపరీక్ష వచ్చిన తరువాత అసలు సంగతి బయటపడింది. అది రక్త కేన్సరు. మన వాడుకలో బ్లడ్ కేన్సర్, వైద్యుల మాటలో లుకేమియా.

రక్తంలోని జబ్బు వెన్నులోకి ఎలా వచ్చింది?

పాఠకులకు ఇక్కడ సందేహం రావడం సహజం. రక్తం జబ్బుకూ కాళ్ళు పడిపోవడానికీ ఏమి సంబంధం?

మన రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. లుకేమియాలో అక్కడ పక్వం కాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. మంచి కణాలకు చోటు దక్కదు. ఎర్రకణాలు తగ్గితే మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు. పనికివచ్చే తెల్లకణాలు తగ్గితే జ్వరాలు విడవవు. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ళ నుండి, ముక్కు నుండి రక్తం వస్తుంది, ఒంటి మీద ఎర్రచుక్కలు లేస్తాయి. ఇవి ఎక్కువమందిలో కనబడే గుర్తులు.

కొద్దిమందిలో ఈ కణాలు మూలుగను దాటి బయట ఒకచోట గడ్డకడతాయి. వెన్నెముక ఒక ఎముకల గొట్టం వంటిది. అందులో మెదడు నుండి దిగివచ్చే వెన్నుపాము ఉంటుంది. పెద్దవారిలో అది చిటికెనవేలి మందం మాత్రమే. కాళ్ళ కదలిక, స్పర్శ, మలమూత్రాల అదుపు అన్నీ దాని గుండానే సాగుతాయి. ఆ గొట్టంలో, వెన్నుపాము పైపొరకూ ఎముకకూ నడుమ ఉన్న కొద్దిపాటి సందులో గడ్డ పెరిగితే అది పక్కకు పోవడానికి దారి లేదు. ఎముక కదలదు కనుక వెన్నుపామే నలుగుతుంది. మరికొందరు పిల్లలలో మూలుగ నిండా జబ్బు కణాలు చేరి వెన్నుపూసలే బలహీనపడి నొక్కుకుపోతాయి. అప్పుడు కూడా నడుమునొప్పే మొదటి గుర్తు కావచ్చు.

ఇది అరుదైన సంగతే. అయితే క్రొత్తది కాదు. ఇటువంటి గడ్డను 1811లో స్కాట్లాండు వైద్యుడు అలన్ బర్న్స్ వర్ణించాడు. కోసి చూస్తే కొన్ని గడ్డలు ఆకుపచ్చగా కనబడేవి. అందుచేత 1853లో వాటికి క్లోరోమా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో పచ్చదనాన్ని తెలిపే మాట నుండి వచ్చిన పేరది. నేటి వైద్యులు మైలాయిడ్ సార్కోమా అంటారు. కొన్నిసార్లు గడ్డ ముందు వస్తుంది, రక్తంలో జబ్బు ఆ తరువాత నెలలకు బయటపడుతుంది. కనుక రక్తపరీక్ష బాగుందన్నంత మాత్రాన కాళ్ళ బలహీనతను వదిలేయరాదు. గడ్డలోని ముక్క తీసి బయాప్సీ చేయించవలసి ఉంటుంది. అది మైలాయిడ్ సార్కోమా అని తేలితే మూలుగ శుభ్రంగా ఉన్నా లుకేమియాకు ఇచ్చే వైద్యమే ఇస్తారు.

మన ప్రాంతంలో అడ్డుపడే తెరలు

పట్నంలో కంటే మన భద్రాచలం అడవి పల్లెల్లో ఈ జబ్బును గుర్తించడం కష్టం. దానికి కారణం మనకు బాగా తెలిసిన ఇతర జబ్బులే.

మొదటిది మలేరియా. జ్వరం, పాలిపోవడం, కడుపులో బల్ల పెరగడం: ఈ మూడూ మలేరియాలో ఉంటాయి, లుకేమియాలోనూ ఉంటాయి. వెనుకటి రోజుల్లో మలేరియా కోసం రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. పలుచగా పూసిన ఆ స్లైడులో తెల్లకణాలు కూడా కంటబడతాయి. ఇప్పుడు గూడెం దాకా వచ్చిన కిట్టు పావుగంటలో ఫలితం చెబుతుంది. అది గొప్ప మేలు. కాని ఆ కిట్టు మలేరియా ఉందా లేదా అన్న ఒక్క మాటే చెబుతుంది. కణాలను చూపదు. కిట్టులో లేదని వచ్చి, జ్వరమూ పాలిపోవడమూ తగ్గకపోతే, పరీక్ష ముగిసిందని అనుకోకండి. అసలు పరీక్ష అప్పుడే మొదలు కావాలి.

రెండవది సికిల్ సెల్ జబ్బు. కోయ కుటుంబాలతో సహా అనేక గిరిజన సమాజాలలో ఇది ఉంది. ఇందులోనూ పిల్లలు పాలిపోతారు, ఎముకలు విపరీతంగా నొప్పిపెడతాయి. ఆ జబ్బు ఉందని ముందే తెలిసిన బిడ్డకు నడుము నొప్పి వస్తే "ఎప్పటి నొప్పే" అనిపిస్తుంది. అయితే మామూలుగా వచ్చే సికిల్ సెల్ నొప్పి కాళ్ళను మొద్దుబార్చదు, మూత్రాన్ని ఆపదు. ఆ గుర్తులు వస్తే అది ఎప్పటి నొప్పి కాదు.

మూడవది వెన్నుకు వచ్చే క్షయ. లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో దీనిని వర్ణించాడు. అందుకే ఇప్పటికీ పాట్స్ వ్యాధి అంటారు. మన దేశంలో వెన్నుపాము నలగడానికి ఇది ముఖ్యమైన కారణాలలో ఒకటి. కనుక వైద్యుల మనసు మొదట అటు వెళ్ళడంలో తప్పు లేదు. కాని పరీక్ష లేకుండా కేవలం అనుమానం మీద నెలల తరబడి క్షయ మందులు మింగిస్తే, లుకేమియా ఉన్న బిడ్డకు ఉన్న కొద్దికాలమూ చేజారిపోతుంది.

వేగాన్ని గమనించడం వలన కొంత తెలుస్తుంది. మన పొరుగున నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగినవారికి ఎముకలు ముదిరి వెన్నుపాము నలగడం మనం చూశాము. అది సంవత్సరాల మీద వస్తుంది. క్షయ సాధారణంగా వారాలు, నెలల మీద వస్తుంది. లుకేమియా గడ్డ మాత్రం రోజుల్లో, వారాల్లోనే నడకను తీసుకుపోగలదు. ఈ కొలత ఎల్లప్పుడూ సరిపోదు. కాని నిన్న మెట్లెక్కిన బిడ్డ ఈ రోజు ఎక్కలేకపోతే, కారణమేదైనా అది రేపటికి వాయిదా వేయవలసిన పని కాదు.

ఇక నొప్పి సూది సంగతి. అందులో స్టెరాయిడ్ ఉంటే హాయి కలుగుతుంది. పిల్లలలో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకం లుకేమియాలో స్టెరాయిడ్ ఆ కణాలను కొన్నాళ్ళు కరిగిస్తుంది కూడా. అప్పుడు జబ్బు నయం కాదు, కంటికి మరుగవుతుంది. ఆ తరువాత చేసిన పరీక్షలో సరిగా కనబడకపోవచ్చు. పెద్దాసుపత్రిలో వెన్నుపాము వాపు తగ్గడానికి వైద్యులే స్టెరాయిడ్ ఇస్తారు, అది వేరు. ఏమి ఇస్తున్నామో, ఎందుకిస్తున్నామో తెలిసి ఇచ్చేది అది. కనుక మీ బిడ్డకు ఇంతకుముందు ఏ సూది వేశారో, ఏ మాత్ర ఇచ్చారో ఆ చీటీతో సహా వైద్యునికి చూపండి. ఎవరైనా కోప్పడతారేమోనని దాచకండి.

గోదావరి బిడ్డ, బోస్టన్ బిడ్డ

ఈ జబ్బు కథలో ఒక తెలుగువాడి పేరు ఉన్నదని మన పాఠకులలో కొందరికే తెలుసు. భద్రాచలం మీదుగా పారే ఈ గోదావరి దిగువకు పోయి తడిపే డెల్టాలోని భీమవరంలో 1895లో పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చి, 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. 1940 నుండి లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనశాలలో పనిచేశాడు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. ఆయన బృందం దానిని తయారుచేసింది. అంతటితో ఆగక, చూడడానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి దాని పనిని అడ్డుకునే మందులను కూడా తయారుచేసింది.

అదే కాలంలో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలను చూస్తున్నాడు. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. 1947లో రెండేళ్ళ బాబు ఒకడు ఆయన వద్దకు వచ్చాడు. కొంతకాలానికి జబ్బు వెన్నుపామును నొక్కడంతో ఆ బాబు కుంటడం మొదలుపెట్టాడు. ఆ డిసెంబరు చివరిలో సుబ్బారావు గారి పరిశోధనశాల నుండి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ అతనికి ఇచ్చాడు. పెరుగుతున్న తెల్లకణాలు ఆగి, తగ్గుముఖం పట్టాయి. వాచిన కడుపు తగ్గింది. బాబు మళ్ళీ తన కాళ్ళ మీద నడిచాడు.

ఆ మేలు కొన్ని నెలలే నిలిచింది. 1948లో ఆ బాబు చనిపోయాడు. అదే సంవత్సరం జూన్‌లో ఫార్బర్ 16 మంది పిల్లల గూర్చి ప్రకటించాడు. వారిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో 53 ఏళ్ళకే కన్నుమూశారు. తన మందు ఎంత దూరం పోతుందో ఆయన చూడలేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వైద్యంలో ఉంది. జబ్బు కణాలు మెదడులో, వెన్నులో దాక్కోకుండా దానిని నడుము వద్ద సన్నని సూదితో వెన్నునీటిలోకే ఎక్కిస్తారు.

ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉంది. "రక్త కేన్సరట" అనగానే చాలా ఇళ్ళలో ఇక చేసేదేమీ లేదని బిడ్డను ఇంటికి తెచ్చేస్తారు. 1947లో అది నిజమే. ఇప్పుడు కాదు. పిల్లలలో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా నుండి ధనిక దేశాలలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. మైలాయిడ్ రకం అంతకంటే మొండిది. అందులోనూ నయమైనవారున్నారు. మన దేశంలో ఫలితం తగ్గడానికి ఒక పెద్ద కారణం ఆలస్యంగా రావడం. మరొకటి వైద్యాన్ని మధ్యలో మానడం. మొదటి రెండు నెలల్లో బిడ్డ తేరుకోగానే నయమైందనుకొని ఇంటికి వచ్చేస్తారు. లింఫోబ్లాస్టిక్ రకానికి వైద్యం రెండు మూడేళ్ళు సాగాలి.

ఇంట్లో గమనించవలసినవి

ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినా నడుమునొప్పిని బరువు మోసిన నొప్పిగా వదిలేయకండి: పడుకున్నప్పుడు, రాత్రివేళ ఎక్కువయ్యే నొప్పి, చిన్నపిల్లలలో రోజుల తరబడి తగ్గని నొప్పి, లేదా ఎత్తుకోబోతే ఏడవడం, రొమ్మునో కడుపునో పటకాలా చుట్టుకునే నొప్పి, దానితో పాటు పాలిపోవడం, విడవని జ్వరం, చిగుళ్ళ నుండి రక్తం, ఒంటి మీద ఎర్రచుక్కలు, మెడలో చంకల్లో బిళ్ళలు. వీటికి ఆ రోజే సి.బి.పి. అనే రక్తపరీక్ష చేయించండి. "స్లైడు మీద తెల్లకణాలను కూడా చూడండి సార్" అని వినయంగానే అడగండి. అది ఖరీదైన పరీక్ష కాదు.

కాళ్ళు బరువెక్కడం, తడబడడం, చెప్పు జారినా తెలియకపోవడం, మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం: ఇవి వచ్చాక గంటలు లెక్కపెట్టవలసిందే. వెన్నెముకకు ఎం.ఆర్.ఐ. తీయగలిగే చోటికి అదే రోజు బయలుదేరండి. వైద్యం మొదలయ్యే నాటికి ఇంకా నడవగలిగినవారిలో ఎక్కువమంది నడకను నిలుపుకుంటారు. కాళ్ళు పూర్తిగా పడిపోయి ఒకటి రెండు రోజులు దాటితే తిరిగి రావడం కష్టం. లుకేమియా గడ్డలకు ఒక మంచి గుణం ఉంది. మందులకు, రేడియేషన్‌కు అవి త్వరగా కరుగుతాయి. కొందరికి ఆపరేషను కూడా కావలసి వస్తుంది. ఏది చేసినా వెన్నుపాము చచ్చిపోకముందే చేయాలి.

తీసుకుపోయేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టి, వంచి బండి ఎక్కించకండి. చెక్క మీదనో గట్టి మంచం మీదనో వెల్లకిల పడుకోబెట్టి, మెడ, వీపు, నడుము ఒకే వరుసలో కదిలేటట్లు ముగ్గురు నలుగురు కలిసి ఎత్తండి. వీపును రుద్దించకండి, నులిమించకండి. మొద్దుబారిన కాళ్ళకు వేడి ఇటుకతో కాపడం పెట్టకండి, కాలినా బిడ్డకు తెలియదు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే కండలో వేసే సూది వలన లోపల రక్తం గడ్డకట్టవచ్చు, కనుక దారిలో నొప్పి సూదులు వేయించవద్దు. పరుపు పట్టిన బిడ్డను రెండు గంటలకొకసారి జాగ్రత్తగా పక్కకు తిప్పుతుంటే ఒరుపు పుండ్లు పడవు.

దూరం మన ప్రాంతపు కష్టం. భద్రాచలం నుండి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు, హైదరాబాదు 300 పైనే. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి 1955 నుండి ఉంది. ఆరోగ్యశ్రీ క్రింద కేన్సర్ వైద్యానికి అవకాశం ఉంది. 2014లో గోదావరి ఒడ్డు మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కనుక చింతూరు, కూనవరం వైపువారు తమ రాష్ట్రపు కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయలుదేరేటప్పుడే ఫోనులో అడిగించుకోవడం మంచిది. కాని ఆ జవాబు కోసం బండిని ఆపకండి. 108కి ముందు చెప్పండి, కాగితాలు వెనుక వెతకండి.

ఊరి పెద్దలకు, బడి పంతుళ్ళకు, ఆశా కార్యకర్తలకు, సంఘపు స్త్రీలకు మా మనవి ఒకటి. కోతల కాలంలో "నడుము నొస్తుంది" అన్న ప్రతి పిల్లవాణ్ణీ ఆసుపత్రికి పంపమని మేము అనడం లేదు. మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి నిద్రపడుతోందా? కాళ్ళలో స్పర్శ బాగుందా? మూత్రం సరిగా వస్తోందా? అడగడానికి చదువు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. పడుచు పిల్లలు సిగ్గుపడి మూడో ప్రశ్నకు జవాబు చెప్పరు. కనుక కుర్రవాణ్ణి తండ్రో అన్నో, ఆడపిల్లను తల్లో పిన్నో విడిగా అడగాలి.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. గుమ్మం దగ్గర చోటు లేకపోతే వారు వెనుదిరగలేదు, ఇంటి కప్పు విప్పారు. మన అడవి పల్లెల్లో వాగు పొంగితే మంచం మోసే నలుగురు ఇప్పటికీ దొరుకుతారు. వారికి కావలసింది ఎప్పుడు మోయాలో చెప్పే మనిషి. బిడ్డ కొరకు ప్రార్థన చేయండి, బండిని కూడా పిలవండి. రెండింటిలో దేనినీ రేపటికి వాయిదా వేయకండి.